నవోదయ పరీక్షలో లెక్కలు: ఐదో తరగతి పిల్లలకు మొదటి రోజు నుంచి ఓఎంఆర్ దాకా

నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్ష అనగానే తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న "ఏ గైడు కొనాలి?" అని. గైడు సంగతి చివర్లో చూద్దాం. లెక్కల్లో మార్కులు పోయేది ఎక్కువగా మూడు, నాలుగు తరగతుల పాఠాల దగ్గరే. భాగహారంలో సున్న, భిన్నాల పోలిక, దశాంశ బిందువు లాంటివి అప్పుడు కుదరకపోతే ఇప్పుడు బయటపడతాయి. వాటిని సరిచేయకుండా వారానికి నాలుగు మోడల్ పేపర్లు చేయించినా ప్రతి పేపర్లోనూ అవే తప్పులు తిరిగొస్తాయి. కాబట్టి ముందు మరమ్మతు, ఆ తర్వాత సాధన, చివరికి వేగం. ఈ వరుస మార్చకండి.

## 1. పేపరు ఎలా ఉంటుందో ముందు తెలుసుకోండి

మొత్తం 80 ప్రశ్నలు, 100 మార్కులు, 2 గంటలు.

- మానసిక సామర్థ్యం: 40 ప్రశ్నలు, 50 మార్కులు, సూచించిన సమయం 60 నిమిషాలు
- అంకగణితం: 20 ప్రశ్నలు, 25 మార్కులు, 30 నిమిషాలు
- భాష: 20 ప్రశ్నలు, 25 మార్కులు, 30 నిమిషాలు

ప్రతి సరైన జవాబుకు 1.25 మార్కులు. తప్పు జవాబుకు మార్కులు తీసేయరు. అన్నీ నాలుగు ఆప్షన్ల ప్రశ్నలే. పరీక్ష తెలుగులోనూ రాయవచ్చు, కానీ ఏ భాషలో రాస్తారో దరఖాస్తులోనే ఎంచుకోవాలి. ఇంగ్లిష్ మీడియంలో చదివే పిల్లలైతే ఈ నిర్ణయం జాగ్రత్తగా తీసుకోండి. "క.సా.గు." (కనిష్ఠ సామాన్య గుణిజం) అంటే తెలియని పిల్లకు తెలుగు పేపరు, దాన్నే ఇంగ్లిష్‌లో "ఎల్‌సీఎం" అంటారని తెలియని పిల్లాడికి ఇంగ్లిష్ పేపరు పెడితే వచ్చిన లెక్క కూడా పోతుంది.

ఒకసారి రాసినవాళ్లు మళ్లీ రాయడానికి వీల్లేదు. "ఈసారి ఊరికే రాయిద్దాం, వచ్చే ఏడు గట్టిగా చూద్దాం" అనే లెక్క ఇక్కడ చెల్లదు.

తేదీ విషయం కూడా గమనించండి. మన రాష్ట్రాల్లో 2025లో జనవరి 18న పరీక్ష జరిగింది. ఆ తర్వాతి ఏడాది ప్రవేశాల పరీక్ష అదే 2025 డిసెంబరు 13నే పెట్టేశారు. కాబట్టి సంక్రాంతి దాకా టైముందని కూర్చోకుండా, నవంబరు ఆఖరుకు పాఠాలు ముగిసేలా చూసుకోండి.

## 2. పుస్తకం తెరవకముందు చిన్న పరీక్ష పెట్టండి

ఒక తెల్లకాగితం మీద ఈ లెక్కలు రాసివ్వండి. టైము పెట్టకండి, సాయం చేయకండి.

1. 7 × 8, 9 × 6, 13 × 7
2. 5003 − 1467
3. 4216 ÷ 4
4. 40,506లో 5 స్థానవిలువ ఎంత?
5. 2/3, 3/4లలో ఏది పెద్దది? ఎందుకు?
6. 0.45, 0.5, 0.405లను పెద్దదాని నుంచి చిన్నదానికి రాయండి
7. 36 కారణాంకాలన్నీ రాయండి
8. 7 − 2.35
9. ఉదయం 10:45కి బయల్దేరిన బస్సు మధ్యాహ్నం 1:20కి చేరింది. ఎంతసేపు పట్టింది?
10. వరుసకు 15 చొప్పున 24 వరుసల్లో మామిడి మొక్కలు నాటితే 37 ఎండిపోయాయి. మిగిలినవి ఎన్ని?

జవాబులు వరుసగా: 56, 54, 91; 3536; 1054; 500; 3/4; 0.5, 0.45, 0.405; 1, 2, 3, 4, 6, 9, 12, 18, 36; 4.65; 2 గంటల 35 నిమిషాలు; 323.

పిల్లలు రాస్తున్నంతసేపూ పక్కన కూర్చుని పెన్సిలు ఎక్కడ ఆగుతోందో చూడండి. 7 × 8 దగ్గర పెదవులు కదుపుతూ "ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్లు పద్నాలుగు" అని మొదటి నుంచి వస్తున్నారంటే ఎక్కం వచ్చినట్టు కాదు. ఎక్కడ అడిగితే అక్కడ చెప్పగలగాలి.

4216 ÷ 4కు 154 రాస్తే భాగఫలంలో సున్న వేయడం రాలేదన్నమాట. 0.405 పెద్దదంటే దశాంశాలను మామూలు సంఖ్యల్లా చదువుతున్నారు: నాలుగు వందల ఐదు కదా, నలభై ఐదు కంటే పెద్దదేగా అని. 2/3, 3/4 ప్రశ్నకు సరైన జవాబు చెప్పి "ఎందుకు?" అంటే నీళ్లు నమిలినా అది రానట్టే లెక్క.

తప్పిన ప్రతి అంశానికీ ఒక్కో వారం కేటాయించండి. ఆ వారాలు అయ్యేదాకా సిలబస్ జోలికి వెళ్లొద్దు.

## 3. ఏ వరుసలో చెప్పాలి

గైడుల్లో సిలబస్ వరుస ప్రకారం అధ్యాయాలుంటాయి. చెప్పడానికి ఈ వరుస మేలు:

- మొదటి దశ (జూన్, జులై): 20 వరకు ఎక్కాలు, స్థానవిలువ, నాలుగు ప్రక్రియలు, కారణాంకాలు–గుణిజాలు, 2, 3, 4, 5, 9, 11ల భాజనీయతా సూత్రాలు
- రెండో దశ (ఆగస్టు నుంచి దసరా సెలవుల దాకా): గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం)–క.సా.గు., భిన్నాలు, దశాంశాలు, సూక్ష్మీకరణ
- మూడో దశ (దసరా నుంచి నవంబరు దాకా): శాతాలు, లాభనష్టాలు, బారువడ్డీ, కాలం–దూరం–వేగం, చుట్టుకొలత–వైశాల్యం–ఘనపరిమాణం (వీటిలో ఈ ఏటి సిలబస్‌లో లేనివి ఉంటే వదిలేయండి)

పొడవు, బరువు, సమయం లాంటి కొలతలకు విడిగా పాఠం అక్కర్లేదు. రోజుకో లెక్క చొప్పున మొదటి నుంచీ నడిపించండి.

లాభశాతం రావడం లేదని వచ్చే పిల్లల్లో చాలామందికి నిజంగా రానిది శాతం. శాతం రాకపోవడానికి కారణం భిన్నం. అక్కడిదాకా వెనక్కి వెళ్లకుండా లాభశాతం సూత్రం బట్టీ పట్టిస్తే ఆ వారం గడుస్తుంది, అంతే.

రోజుకు 40 నిమిషాలు చాలు. పదేళ్ల పిల్లను రెండు గంటలు కూర్చోబెడితే రెండో గంటలో చేసినవన్నీ చేతి తప్పులే.

## 4. భిన్నాలు, దశాంశాలు: ఎక్కువ రోజులు ఇక్కడే ఉండండి

7 − 2.35కు ఎక్కువమంది రాసే జవాబు 5.35. ఎలా వచ్చిందిరా అంటే, "7లోంచి 2 పోతే 5 సార్, పక్కన 35 దించాను" అంటారు. వాళ్ల లెక్కలో బిందువుకు అటూ ఇటూ రెండు వేర్వేరు సంఖ్యలున్నాయి.

దీన్ని సరిచేయడానికి రూపాయి–పైసలు ఒకప్పుడు బాగా పనికొచ్చేవి. ఇప్పటి పిల్లలు పైసా ముఖం చూడలేదు. టైలరు టేపు తీసుకోండి. 7 మీటర్ల గుడ్డలో 2 మీటర్ల 35 సెంటీమీటర్లు కత్తిరిస్తే ఎంత మిగులుతుంది? 2 మీటర్ల 35 నుంచి 3 మీటర్లకు ఎంత దూరం? 65 సెం.మీ. అక్కడి నుంచి 7 దాకా 4 మీటర్లు. మొత్తం 4.65. టేపు మీద ఒకసారి చూశాక 7ను 7.00గా రాసి తీసివేయమనండి. అప్పుడు ఆ సున్నలు ఎందుకు వేస్తున్నామో తెలుస్తుంది.

గుణకారంలో 0.2 × 0.3 = 0.6 అని రాస్తారు. దీనికి భిన్నంలోకి వెళ్లాలి: 2/10 × 3/10 = 6/100. అంటే 0.06. "బిందువు తర్వాత ఎన్ని అంకెలున్నాయో లెక్కపెట్టు" అనే సూత్రం ఆ తర్వాత చెప్పండి, ముందు చెప్పకండి.

ఈ పట్టిక మాత్రం ఎక్కాల్లాగే నోటికి రావాలి:

- 1/2 = 0.5 = 50%
- 1/4 = 0.25 = 25%
- 3/4 = 0.75 = 75%
- 1/5 = 0.2 = 20%
- 1/8 = 0.125 = 12.5%
- 3/8 = 0.375 = 37.5%
- 1/10 = 0.1 = 10%
- 1/20 = 0.05 = 5%

ఇది వచ్చిన పిల్లకు "640లో 12.5% ఎంత?" అన్నది 640 ÷ 8 మాత్రమే. జవాబు 80. రాని పిల్ల 640 × 12.5 వేసి అరపేజీ నింపుతుంది.

## 5. సూక్ష్మీకరణ: నాలుగు ఆప్షన్లూ నాలుగు తప్పుల కోసమే

ఈ లెక్క ఇవ్వండి: 18 − 6 ÷ 3 × 2 + 4

- ఎడమ నుంచి వరుసగా చేసుకుపోతే 12
- గుణకారం ముందు చేస్తే 21
- చివర్లో కూడిక ముందు చేస్తే 10
- సరైన జవాబు 18

పేపరు తయారుచేసేవాళ్లకు పిల్లలు ఎక్కడ జారతారో తెలుసు. కాబట్టి "నా జవాబు ఆప్షన్లలో ఉంది, కాబట్టి కరెక్టే" అనే ధీమా పనికిరాదు.

10 రావడానికి కారణం మనం నేర్పే బోడ్మాస్ (బ్రాకెట్లు, భాగహారం, గుణకారం, కూడిక, తీసివేత అనే వరుసకు గుర్తు). అందులో కూడిక ముందుంది కాబట్టి పిల్లలు కూడికే ముందు చేయాలనుకుంటారు. ఇలా చెప్పండి: బ్రాకెట్లు అయ్యాక భాగహారం, గుణకారం రెండూ ఒకే మెట్టు, ఎడమ వైపు ఏది ముందొస్తే అది. ఆ తర్వాత కూడిక, తీసివేత ఒకే మెట్టు, అక్కడా ఎడమ వైపుదే ముందు. అడుగుకు ఒక్క గుర్తు మాత్రమే తీసేసి కింద కొత్త వరుస రాయించండి. ఒకే వరుసలో కొట్టివేతలు వద్దు.

## 6. గ.సా.భా.నా, క.సా.గు.నా?

రెండూ చేయడం వచ్చినా ఏది చేయాలో తెలియక పోగొట్టుకునే మార్కులివి. చేయకముందే ఒక ప్రశ్న అడగడం అలవాటు చేయండి: జవాబు ఇచ్చిన సంఖ్యల కంటే పెద్దదిగా రావాలా, చిన్నదిగా రావాలా?

మూడు గుడిగంటలు 12, 15, 18 నిమిషాలకోసారి మోగుతాయి. ఉదయం 8కి కలిసి మోగితే మళ్లీ ఎప్పుడు? కాలం ముందుకు సాగుతోంది, జవాబు పెద్దది, కాబట్టి క.సా.గు. 180 నిమిషాలు, అంటే 11 గంటలకు. 84 మీటర్లు, 60 మీటర్ల తాళ్లను ఏమీ మిగలకుండా సమాన ముక్కలుగా కోయాలి, ముక్క వీలైనంత పొడవుండాలి. ముక్క తాడు కంటే చిన్నది, కాబట్టి గ.సా.భా. 12 మీటర్లు.

ఇంకో రెండు రకాలు చేయించండి. 6, 8, 12లతో భాగిస్తే ప్రతిసారీ 3 మిగిలే, 3 కంటే పెద్దదైన అతి చిన్న సంఖ్య: క.సా.గు. 24కు 3 కలిపితే 27. రెండు సంఖ్యల గ.సా.భా. 6, క.సా.గు. 72, ఒక సంఖ్య 18 అయితే రెండోది: 6 × 72 ÷ 18 = 24.

## 7. లాభం, వడ్డీ, వేగం, వైశాల్యం

వీటిలో సూత్రాలు పిల్లలకు త్వరగానే వస్తాయి. తప్పేది కొన్ని చోట్లే.

లాభశాతం. 240కి కొని 300కి అమ్మితే లాభం 60. ఎప్పుడూ కొన్నవెల మీదే: 60/240 = 25%. ఆప్షన్లలో 20% కూడా ఉంటుంది, అది 60/300 చేసినవాళ్ల కోసం.

బారువడ్డీ. 4000 అసలుకు ఏడాదికి 5% చొప్పున 9 నెలలకు వడ్డీ 150. నెలల్ని సంవత్సరాలుగా మార్చకపోతే 1800 వస్తుంది. పల్లెటూళ్ల పిల్లలకు ఇంకో చిక్కుంది. ఇంట్లో "రెండు రూపాయల వడ్డీ" అంటే నూటికి నెలకు రెండు, అంటే ఏడాదికి 24%. పుస్తకంలో రేటు చెబితే అది ఏడాదికి. ఈ తేడా ఒకసారి విడమరిచి చెబితే పిల్లలు మరిచిపోరు, ఎందుకంటే ఆ మాట వాళ్లు ఇంట్లో విన్నదే.

వేగం. గంటకు 54 కి.మీ. వేగంతో వెళ్లే 150 మీటర్ల రైలు స్తంభాన్ని దాటడానికి ఎంతసేపు? ముందు గంటకు కి.మీ.ను సెకనుకు మీటర్లలోకి మార్చాలి (1000 ÷ 3600 = 5/18): 54 × 5/18 = సెకనుకు 15 మీటర్లు. 150 ÷ 15 = 10 సెకన్లు.

వైశాల్యం. ఒక మీటరుకు 100 సెం.మీ. కాబట్టి చదరపు మీటరుకు కూడా 100 చదరపు సెం.మీ. అనుకుంటారు. నిజానికి 10,000. దీనికి మందు సులువే: ముందు పొడవు, వెడల్పులను సెం.మీ.లోకి మార్చి, ఆ తర్వాత గుణించడం. 4 మీ. × 3 మీ. గదికి 20 సెం.మీ. చదరపు టైల్స్ ఎన్ని? 400 × 300 = 1,20,000. దాన్ని 20 × 20 = 400తో భాగిస్తే 300.

## 8. తప్పుల నోటుబుక్

దీనికి వేరే నోటుబుక్ పెట్టండి. తప్పిన ప్రతి లెక్కనూ అందులో రాసి, పక్కన మూడింట్లో ఒక గుర్తు వేయాలి.

- తె (తెలియక): పాఠం మళ్లీ చెప్పాలి. అలాంటివే ఐదు లెక్కలు ఆ వారంలోనే చేయించాలి.
- చ (చదవడంలో): "ఎన్ని మిగిలాయి" అంటే "ఎన్ని పోయాయి" చేశారు, "కానిది ఏది" అంటే "అయినది" గుర్తుపెట్టారు. ప్రశ్నలో అడిగిన మాట కింద గీత గీసే అలవాటు చేయించాలి.
- చే (చేతి తప్పు): చిత్తు పని చూడండి. అంకెలు ఒకదాని కింద ఒకటి లేకపోవడం, 1, 7 ఒకేలా ఉండడం, కాగితం మూలల్లో గీకడం, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. గళ్ల నోటుబుక్‌లో చేయిస్తే సగం తగ్గుతాయి.

గుర్తు పిల్లలే వేయాలి. మీరు వేస్తే అన్నీ "అజాగ్రత్త" ఖాతాలోకే పోతాయి. అజాగ్రత్త అని తిట్టడం వల్ల ఏ లెక్కా సరికాదు.

ప్రతి ఆదివారం పాత పేజీలోంచి ఐదు లెక్కలు, జవాబు మూసేసి, మళ్లీ చేయించండి. రెండు ఆదివారాలు వరుసగా సరిగా వచ్చినదాన్ని కొట్టేయండి.

## 9. మోడల్ పేపర్లు, టైము

నవంబరు వచ్చేదాకా పూర్తి పేపరు పెట్టకండి. మొదట లెక్కల విభాగం ఒక్కటే, 20 ప్రశ్నలు, 30 నిమిషాలు. తర్వాత వారానికొకటి చొప్పున 2 గంటల పూర్తి పేపరు. వీలైతే ఉదయం 11:30కి మొదలుపెట్టండి. అసలు పరీక్ష జరిగేది ఆ వేళకే.

30 నిమిషాలను ఇలా విడగొట్టండి:

- మొదటి చుట్టు, 15 నిమిషాలు: చూడగానే దారి కనిపించినవే. దారి కనిపించకపోతే ప్రశ్న పక్కన చుక్క పెట్టి ముందుకు.
- రెండో చుట్టు, 10 నిమిషాలు: చుక్క పెట్టినవి.
- చివరి 5 నిమిషాలు: మిగిలినవాటిలో కుదరని ఆప్షన్లు కొట్టేసి ఒకటి ఎంచుకోవడం, ఓఎంఆర్ (జవాబుల వృత్తాలు నింపే షీటు) వరుస సరిచూసుకోవడం.

ఆప్షన్లు కొట్టేయడం కూడా నేర్పాల్సిన విద్యే. 347 × 28కి 9716, 9718, 8716, 97160 ఇచ్చారనుకోండి. 7 × 8 = 56, చివరి అంకె 6 రావాలి, కాబట్టి 9718, 97160 పోయాయి. 350 × 28 = 9800, జవాబు దానికి దగ్గర్లో ఉండాలి, కాబట్టి 8716 పోయింది. గుణకారం చేయకుండానే 9716.

లెక్కలు రాని పిల్లలు ఆ విభాగాన్ని వదిలేసి మిగతా రెండింట్లో లాగుదామనుకుంటారు. మూడు విభాగాల్లోనూ విడివిడిగా అర్హత సాధించాలని పరీక్ష సూచనల్లోనే ఉంటుంది, కాబట్టి ఆ దారి మంచిది కాదు.

ఇక గైడు. ఏదైనా ఒక్కటి చాలు, కానీ కొనేముందు షాపులోనే ఏదో ఒక పేజీ తీసి నాలుగైదు లెక్కలు కీతో సరిచూడండి. కీలో తప్పులున్న గైడులు బజార్లో కొల్లలు. కీ తప్పని తెలియక పిల్లాడి సరైన జవాబును కొట్టేసి, తప్పు పద్ధతి నేర్పినవాళ్లున్నారు. మీ జవాబు, కీ కలవకపోతే బడిలో లెక్కల సారుని అడగండి.

## 10. ఓఎంఆర్

ఐదో తరగతి పిల్లలు పెన్సిలు, రబ్బరుకు అలవాటుపడ్డవాళ్లు. ఇక్కడ నీలం లేదా నలుపు బాల్‌పెన్ మాత్రమే, పెన్సిలు నిషేధం. ఒకసారి నింపిన వృత్తాన్ని మార్చడానికి వీల్లేదు. దిద్దినా, చెరిపినా ఆ జవాబు పోయినట్టే.

అందుకే మోడల్ పేపరు మొదలైన రోజు నుంచీ జిరాక్సు తీసిన ఓఎంఆర్ షీటు మీద పెన్నుతోనే చేయించండి. ఎక్కువగా జరిగే ప్రమాదం ఒకటుంది: 47వ ప్రశ్న వదిలేసి, 48 జవాబును 47 వరుసలో నింపడం. అక్కడి నుంచి వరసగా అన్నీ తప్పే. ప్రశ్న నంబరు మీద ఎడమచేతి వేలు పెట్టి, అదే నంబరు ఓఎంఆర్‌లో నోట్లో చదువుకుని, అప్పుడు నింపమనండి. ఐదు ప్రశ్నలకోసారి నంబర్లు కలుస్తున్నాయో చూసుకోవాలి.

ముందు రోజు రాత్రి, పరీక్ష రోజు సరిచూసుకోవాల్సినవి:

- హాల్ టికెట్, అందులో పరీక్ష కేంద్రం పేరు, ఊరు (దూరమైతే బస్సు వేళ ముందే కనుక్కోవాలి)
- ఇంతకు ముందు వాడి చూసిన రెండు బాల్‌పెన్నులు, కొత్తవి వద్దు
- బుక్‌లెట్ చేతికి రాగానే దరఖాస్తులో ఎంచుకున్న భాషలోనే ఉందో లేదో చూడడం, లేకపోతే వెంటనే ఇన్విజిలేటరుకు చెప్పడం
- రోల్ నంబరు అంకెల్లోనూ, వృత్తాల్లోనూ ఒకటేనా
- చిత్తు పని ఓఎంఆర్ మీద చేయకపోవడం
- లెక్కలకు 30 నిమిషాలు దాటితే మిగిలినవి వదిలి తర్వాతి విభాగానికి వెళ్లడం
- చివరి ఐదు నిమిషాల్లో 80 వరుసల్లో ఖాళీ ఏమైనా మిగిలిందేమో చూసి నింపడం; తప్పుకు మార్కు పోదు, ఖాళీకి మార్కు రాదు